ఎవరు కట్టిన ఊరు: అమెరికా దక్షిణాది నూలు మిల్లు పల్లెల చరిత్ర, వారసత్వం

ఈ ఏటి స్మారకోపన్యాసానికి దూరదేశపు అంశాన్ని ఎంచుకున్నాను. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, ముఖ్యంగా నార్త్ కెరొలైనా, సౌత్ కెరొలైనా, జార్జియాలలో, దాదాపు వందేళ్లు సాగిన నూలు మిల్లు పల్లెల కథ ఇది. అపలాచియన్ కొండలకూ తీర మైదానాలకూ నడుమ పీడ్‌మాంట్ అనే మెట్టప్రాంతం ఉంది. 1880ల నుంచి అక్కడి ఏళ్ల ఒడ్డున, రైలుకట్టల పక్కన వందలాది మిల్లులు లేచాయి. మిల్లు కట్టిన కంపెనీయే దాని చుట్టూ ఊరూ కట్టింది. 1900 నాటికి దక్షిణాది మిల్లు కార్మికుల్లో నూటికి తొంభై మందికి పైగా ఇలాంటి కంపెనీ ఊళ్లలోనే కాపురముండేవారు. ఇవాళ ఆ మిల్లుల్లో చాలాభాగం మూతపడ్డాయి. వాటి జ్ఞాపకం మీద మాత్రం తగువు తెగలేదు. యజమాని కన్నతండ్రిలా చూసుకున్న బంగారు రోజులని కొందరంటారు, అది వెట్టికి ఇంకో పేరని మరికొందరంటారు.

ఈ తగువు తెగకపోవడానికి కారణం, ఇద్దరూ రెండు వేరు వేరు ఊళ్ల గురించి మాట్లాడుతూ ఒకే ఊరనుకోవడం. ఒకటి కంపెనీ కట్టిన ఊరు: ఇళ్లు, కొట్టు, బడి, చర్చి, బేస్‌బాల్ మైదానం. రెండోది అదే నేల మీద కార్మికులు కట్టుకున్న ఊరు: చుట్టరికాలు, చేబదుళ్లు, పురుళ్లకూ చావులకూ ఇరుగుపొరుగు సాయం, పాట, పోరాటం. మొదటిది ఇచ్చినవాడు తలచుకుంటే తిరిగి తీసుకోగలడు. చరిత్రలో చాలాసార్లు తీసుకున్నాడు. రెండోది తీసుకోవడం కంపెనీ చేతిలో లేదు. అయితే దాని చుట్టూ ఒక గోడ ఉండేది. ఆ గోడ నల్లజాతి కార్మికులను బయట నిలబెట్టింది, లోపలివాళ్ల బలాన్నీ తినేసింది. ఇవాళ మిల్లు పల్లెలను మురిపెంగా తలచుకునేవారు రెండో ఊరి మంచిని మొదటి ఊరి ఖాతాలో జమ కడుతున్నారన్నది నా వాదన. ఆ లెక్క సరిచేయడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మిల్లు ఊరి నమూనా అమెరికా అంతర్యుద్ధానికి ముందే తయారైంది. 1845లో విలియం గ్రెగ్ అనే వ్యాపారి సౌత్ కెరొలైనాలో గ్రానిట్‌విల్ కంపెనీ పెట్టాడు. మిల్లుతోపాటు ఇళ్లు, చర్చిలు, బడి కట్టించాడు. ఊళ్లో సారా నిషేధించాడు, పిల్లలను బడికి పంపని తల్లిదండ్రులకు జరిమానా వేశాడు. యుద్ధంలో దక్షిణాది ఓడి, బానిసత్వం రద్దయ్యాక, అట్లాంటా కాన్‌స్టిట్యూషన్ పత్రిక నడిపిన హెన్రీ గ్రేడీ వంటివారు నవ దక్షిణం అనే నినాదం ఎత్తుకున్నారు. పత్తి పండే చోటే నూలు తీయాలన్నారు. 1881లో అట్లాంటాలో అంతర్జాతీయ పత్తి ప్రదర్శన జరిగింది. చిన్న చిన్న పట్టణాల్లో షావుకార్లు, వకీళ్లు, డాక్టర్లు వాటాలు వేసుకుని మిల్లులు లేపారు. 1880లో దక్షిణాది అంతటా కలిపి ఐదారు లక్షల కదుళ్లుంటే 1900 నాటికి అవి నలభై లక్షలు దాటాయి. 1920ల మధ్యకు దక్షిణాది, అమెరికా ఈశాన్యంలోని పాత మిల్లుల ప్రాంతమైన న్యూ ఇంగ్లాండును మించిపోయింది. పేద తెల్లవాళ్ల ఉద్ధరణ కోసమే ఈ మిల్లులన్నది ఆనాటి ప్రచారం. 1921లో బ్రాడస్ మిచెల్ రాసిన మిల్లుల చరిత్ర కూడా ఆ మాటను చాలావరకు నమ్మింది. కానీ పెట్టుబడిని దక్షిణాదికి లాగింది చౌక కూలి. న్యూ ఇంగ్లాండు కూలి కంటే అక్కడి కూలి మూడో వంతు దాకా తక్కువ ఉండేది. ఉద్ధరణ గురించి మాట్లాడిన నోళ్లే ఉత్తరాది పెట్టుబడిదారులకు ఈ తేడాను లెక్కకట్టి చూపించాయి.

ఇక కంపెనీ కట్టిన ఊరిని చూద్దాం. మూడు నాలుగు గదుల చెక్క ఇళ్లు వరసగా ఉంటాయి. మిల్లు సైరన్‌కు ఊరు లేస్తుంది, సైరన్‌కే పడుకుంటుంది. అద్దె నిజంగానే తక్కువ. అయితే చాలా చోట్ల ఇల్లు ఇవ్వడానికి ఒక షరతుండేది: గదికొకరు చొప్పున మిల్లు పనికి రావాలి. నాలుగు గదుల ఇంట్లో ఉండాలంటే నలుగురు పనివాళ్లు కావాలి. తల్లీ తండ్రీ పోగా మిగిలిన ఇద్దరు ఎవరో చెప్పనక్కర్లేదు. కొట్టు కంపెనీది; అక్కడ తెచ్చుకున్న సరుకు విలువ జీతంలోంచి కోత పడేది. పాదిరీ జీతంలో కొంత కంపెనీ ఇచ్చేది, బడిపంతులు జీతానికీ చెయ్యి వేసేది. నార్త్ కెరొలైనా గాస్టన్ కౌంటీ చర్చిల మీద లిస్టన్ పోప్ 1942లో ప్రచురించిన పుస్తకం ఈ డబ్బు ప్రసంగ పీఠం మీద ఏం పలికించిందో వివరంగా చూపింది. నార్త్ కెరొలైనాలోని కన్నాపొలిస్ అయితే 1984 దాకా పురపాలక సంఘం కూడా లేని పట్టణం. వేలమంది జనం ఉన్న ఆ ఊరికి మేయరు లేడు. వీధులు, దుకాణాలు, ఇళ్లు కేనన్ మిల్స్ ఆస్తి. బతుకుతెరువు, నీడ, అప్పు, చదువు, పుణ్యం, పోలీసు అన్నీ ఒకే గుప్పిట్లో ఉన్న వ్యవస్థ ఇది. ఆ గుప్పిట మెత్తగా ఉందా, కరుగ్గా ఉందా అన్న చర్చ రెండో విషయం. ఎవరి గుప్పిట అన్నదే అసలు విషయం.

అదే నేల మీద రెండో ఊరు ఎలా పుట్టిందో చెప్పే ఆధారాలు కూడా దండిగా ఉన్నాయి. నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయపు మౌఖిక చరిత్ర విభాగం 1970ల చివర్లో పాత మిల్లు కార్మికుల మాటలను రికార్డు చేసింది. వాటి ఆధారంగా జాక్వెలిన్ డౌడ్ హాల్, ఆమె సహచరులు 1987లో 'లైక్ ఎ ఫామిలీ' అనే గ్రంథం వెలువరించారు. ఊరంతా ఒక కుటుంబంలా ఉండేవాళ్లమని కార్మికులు పదేపదే చెప్పారు. ఆ కుటుంబంలో తండ్రి స్థానం యజమానిదని పైకి అనిపించవచ్చు. వాళ్లు చెప్పిన సంగతులు చూస్తే యజమాని ఎక్కడా కనిపించడు. జబ్బుపడ్డ ఇంటికి తలా ఇంత పిండి, పంచదార, కాఫీ పట్టుకెళ్లింది పక్కింటివాళ్లు. 1918 ఫ్లూలో మంచం పట్టినవాళ్లకు వండిపెట్టింది ఇంకా లేచి తిరగగలిగినవాళ్లు. పెరట్లో కూరలు, ఆవు, పంది పల్లె నుంచి తెచ్చుకున్న అలవాట్లు. పంది కోసినప్పుడు మాంసం ఇల్లిల్లూ పంచుకునేవారు. మిల్లులో కూడా పోగులు తెగి వెనకబడ్డ పడుచుపిల్లకు పక్క మరమగ్గం మనిషి చెయ్యి అందించేది. పట్టణంలో వాళ్లను బట్టలమీది దూదిపోగులను బట్టి హేళనగా పిలిచేవారు. ఆ హేళన కూడా వాళ్లను ఒకరికొకరిని దగ్గర చేసింది. ఈ సాయాలకు కంపెనీ పుస్తకాల్లో పద్దు లేదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. ఎవరూ వాళ్లను కట్టి తీసుకురాలేదు, పొలం మీద బతకలేక వాళ్లే వచ్చారు, మిల్లు వాళ్లకు మేలే చేసింది కదా అంటారు. మొదటి సగం నిజం. 1890లలో పౌను పత్తి ధర ఐదు సెంట్ల దాకా పడిపోయింది. విత్తనం వేయకముందే పంట షావుకారుకు తాకట్టు పడేది. ఏడాది చివర లెక్క చూస్తే కౌలుదారుకు అప్పే మిగిలేది. మగదిక్కు లేని విధవలకు, ఆడపిల్లలు ఎక్కువున్న ఇళ్లకు పొలం అసలే గిట్టేది కాదు. అలాంటివాళ్లకు పక్షానికోసారి చేతికొచ్చే డబ్బు పెద్ద మార్పు. ఇంతవరకూ ఒప్పుకోవాలి. కానీ ఒకచోట నుంచి తప్పించుకుని రావడం వేరు, వచ్చినచోట మాట చెల్లడం వేరు. మొదటిదాన్ని చూపి రెండోది కూడా ఉందనుకోవడం పొరపాటు. తొలినాళ్లలో కార్మికులకు ఒక ఆయుధం ఉండేది: నచ్చకపోతే మూటముల్లె సర్దుకుని పక్క మిల్లుకు వెళ్లిపోవడం. పనివాళ్ల కొరత ఉన్నంతకాలం అది పనిచేసింది. యజమానులు ఇళ్లకు రంగులు వేసి, బేస్‌బాల్ జట్లు పెట్టింది కూడా ఎక్కువగా ఈ వలసలను ఆపడానికే. అంటే కంపెనీ దయలో కొంత కార్మికుల కాళ్లకున్న చురుకుతనం సంపాదించి పెట్టిందే. 1920లలో పొలాల మీద బతుకు మరింత చితికి పనివాళ్లు మిక్కిలిగా దొరకడంతో ఆ ఆయుధం మొద్దుబారింది.

మేలు జరిగిందా లేదా అన్నదానికి శరీరమే సాక్ష్యం చెప్పిన సందర్భం ఒకటుంది. చర్మం పగిలి, విరేచనాలు పట్టి, చివరికి మతి చెడే పెల్లగ్రా జబ్బు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో దక్షిణాదిని పీడించింది. అంటువ్యాధి అని చాలామంది వైద్యులు నమ్మారు. ప్రభుత్వ ఆరోగ్య శాఖ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్, ఆర్థికవేత్త ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ కలిసి 1916లో సౌత్ కెరొలైనాలో ఏడు మిల్లు ఊళ్లను ఇల్లిల్లూ తిరిగి పరిశీలించారు. ఇంటి ఆదాయం తగ్గేకొద్దీ జబ్బు పెరిగింది. మొక్కజొన్న పిండి, కొవ్వు మాంసం, బెల్లపు పాకంతో సరిపెట్టుకునే ఇళ్లను పట్టుకుంది. పాలు, తాజా మాంసం దొరికే ఇళ్లను వదిలేసింది. ఆదాయాలు ఒకే తీరుగా ఉన్న ఊళ్ల మధ్య కూడా, చుట్టుపక్కల రైతులు తాజా సరుకు తెచ్చి అమ్మే ఊరికీ కొట్టు సరుకు మీదే బతికే ఊరికీ తేడా కనిపించింది. నయాసిన్ లోపమే మూలమని 1937లో తేలింది. తెలుగు నేలకు దీనితో నిజమైన సంబంధం ఉంది. జొన్న తినే దక్కన్ పేదల్లో ఇదే జబ్బు ఎందుకొస్తోందో 1960 ప్రాంతంలో హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య పరిశోధించారు. గోల్డ్‌బెర్గర్ లెక్కలు మన చర్చకు చెప్పేదేమిటంటే, ఇల్లు, బడి, మైదానం ఉన్న ఊళ్లోనే జీతం చాలక జనం జబ్బుపడ్డారు. వాళ్లను కాపాడినవాటిలో పెరటి ఆవు ఒకటి. అది రెండో ఊరి ఆస్తి.

పిల్లల సంగతికి వద్దాం. 1900లో దక్షిణాది నూలు మిల్లు కార్మికుల్లో దాదాపు నాలుగో వంతు పదహారేళ్ల లోపువాళ్లు. 1903లో నార్త్ కెరొలైనా చట్టం కనీస వయసు పన్నెండేళ్లన్నది, పద్దెనిమిది లోపువాళ్లకు వారానికి 66 గంటలు మించరాదన్నది. తనిఖీ చేసే నాథుడు లేడు. లూయిస్ హైన్ 1908 నుంచి తీసిన ఫొటోలు ఆ పిల్లలను దేశానికి చూపించాయి. 1916లో ఫెడరల్ చట్టం వచ్చింది. షార్లట్ మిల్లులో పనిచేసే రోలండ్ డేగెన్‌హార్ట్ తన కొడుకులు పనిచేసే హక్కు కోసం కోర్టుకెక్కాడు. 1918లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. తల్లిదండ్రులే పిల్లలను పంపారు కదా, యజమానిని అనడం ఎందుకన్న అభ్యంతరానికి ఈ కేసునే సాక్ష్యంగా తెస్తారు. కానీ ఆ కేసు వెనకనున్నది మిల్లు యజమానుల సంఘం. దాన్ని నడిపించినవాడు వాళ్ల పత్రిక సంపాదకుడు డేవిడ్ క్లార్క్. ఇంటికి గదికొక పనివాడు కావాలని షరతు పెట్టి, ఒకరి జీతం మీద ఇల్లు గడవకుండా చేసి, ఆ తరవాత తండ్రి స్వేచ్ఛ గురించి వాదించడం న్యాయంగా ఉండదు. ఎవరి స్వేచ్ఛ కోసం ఆ తీర్పు వచ్చిందన్నారో ఆ కొడుకుల్లో ఒకడైన రూబెన్, కొన్నేళ్లకు విలేకరి కనుక్కున్నప్పుడు, తనకు దక్కాల్సిన చదువు దక్కలేదని బాధపడ్డాడు. బేస్‌బాల్ చరిత్రలో మహా ఆటగాడైన షూలెస్ జో జాక్సన్ కూడా గ్రీన్‌విల్ బ్రాండన్ మిల్లు పిల్లవాడే. కంపెనీ జట్టు అతనికి ఆట ఇచ్చింది. మిల్లు అతని బడి వయసు తీసుకుంది. అతనికి జీవితాంతం చదవడం, రాయడం రాలేదు. 1938లో మరో ఫెడరల్ చట్టం వచ్చి, 1941లో పాత తీర్పును కోర్టు తోసిపుచ్చేదాకా ఈ వ్యవహారం కొలిక్కి రాలేదు.

కంపెనీ ఊరు ఎవరిదో అందరి కళ్లముందూ తేలింది 1929లో. మనుషులను తగ్గించి, మిగిలినవారికి ఎక్కువ యంత్రాలు అప్పగించి, కూలి పెంచకుండా పని సాగదీయడం ఆ దశాబ్దంలో మిల్లు మిల్లుకూ పాకింది. అదే గాస్టన్ కౌంటీలో, గాస్టోనియాలోని లోరే మిల్లు రోడ్ ఐలండ్ కంపెనీది. అక్కడ 3,500 మంది చేసే పనిని 2,200 మందితో చేయించారు. ఏప్రిల్ 1న సమ్మె మొదలైంది. కొద్దివారాలకే కంపెనీ సమ్మెదారుల కుటుంబాలను ఇళ్లలోంచి గెంటేసింది. సామాన్లు వీధిలో పడ్డాయి. కార్మికులు గుడారాల ఊరు వేసుకున్నారు. జూన్ 7న అక్కడ జరిగిన కాల్పుల్లో పోలీసు అధికారి ఆర్విల్ ఆడర్‌హోల్ట్ చనిపోయాడు. సెప్టెంబరు 14న ఎల్లా మే విగ్గిన్స్ అనే కార్మికురాలిని, యూనియన్ సభకు వెళ్తున్న లారీ మీద దాడి చేసి కాల్చి చంపారు. ఆమె తొమ్మిదిమంది బిడ్డల్లో నలుగురిని పోగొట్టుకున్న తల్లి. సమ్మె పాటలు కట్టి పాడిన మనిషి. నిందితులందరినీ జ్యూరీ వదిలేసింది. అక్టోబరులో మేరియన్ పట్టణంలో షెరీఫు మనుషులు ఆరుగురు కార్మికులను చంపితే, స్థానిక పాదిరీలు అంత్యక్రియలకు ముందుకు రాలేదు. ఐదేళ్ల తరవాత, 1934 సెప్టెంబరులో, దేశవ్యాప్తంగా దాదాపు నాలుగు లక్షల మంది బట్టల మిల్లు కార్మికులు పని ఆపారు. సౌత్ కెరొలైనా హనియా పాత్‌లో చికోలా మిల్లు దగ్గర ఏడుగురు చనిపోయారు. జార్జియా గవర్నరు యూజీన్ టాల్మడ్జ్ మార్షల్ లా విధించి సమ్మెదారులను సైనిక శిబిరంలో నిర్బంధించాడు. మూడు వారాలకు సమ్మె ముగిసింది. వేలమందికి మళ్లీ పని దొరకలేదు, దాంతోపాటు ఇల్లూ పోయింది. ఇల్లు, బడి, చర్చి ఇచ్చినవాడు ఏది ఇచ్చాడో అదే ఆయుధంగా వాడాడు. తన బలం కోసం దాచుకున్నదాన్ని దానమనడం కుదరదు.

దక్షిణాది కార్మికుడు స్వభావరీత్యా ఒంటరి స్వాభిమాని, యూనియన్ అతనికి గిట్టదు, అందుకే అక్కడ సంఘాలు నిలవలేదు అన్నది ఇంకో అభ్యంతరం. 1941లో 'ది మైండ్ ఆఫ్ ది సౌత్' రాసిన డబ్ల్యూ.జె. క్యాష్ కూడా కొంతవరకు ఇలాగే ఆలోచించాడు. రికార్డులు ఈ మాటను బలపరచవు. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం వారానికి 40 గంటలు, దక్షిణాదిలో కనీసం 12 డాలర్లు అని నియమం పెట్టాక, యజమానులు దాన్ని ఎలా తప్పించుకుంటున్నారో చెబుతూ మిల్లు పల్లెల నుంచి వేల ఉత్తరాలు వాషింగ్టన్‌కు వెళ్లాయి. అవి జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. స్వభావంలో సంఘం లేనివాళ్లు పేరూ ఊరూ రాసి అన్ని ఉత్తరాలు రాయరు. సంఘాలు నిలవకపోవడానికి కారణం కోసం అంత లోతుకు పోనక్కర్లేదు. 1956లో సౌత్ కెరొలైనా డార్లింగ్టన్‌లో కార్మికులు యూనియన్‌కు ఓటేస్తే, యజమాన్యం మిల్లునే మూసేసి యంత్రాలు అమ్మేసింది. ఆ దావా 1980లో రాజీ కుదిరేదాకా నడిచింది. హనియా పాత్‌లో చనిపోయినవారి పేర్లతో స్మారక శిల నిలబడటానికి 1995 దాకా పట్టింది. అరవై ఏళ్లపాటు ఊరు మాట్లాడని విషయం ఊరికి ఇష్టం లేని విషయమని అనుకుంటే భయాన్ని అభిప్రాయంగా లెక్కకట్టినట్లే.

నా వాదనకు అన్నిటికంటే గట్టి పరీక్ష జాతి విషయం. కార్మికులు కట్టుకున్న ఊరిని ఇంతగా మెచ్చుకుంటున్నాం గదా, ఆ ఊళ్లో నల్లవాళ్లకు చోటేది? చోటు లేదు. మరమగ్గాల దగ్గర, కదుళ్ల దగ్గర పని తెల్లవాళ్లకే. నల్లజాతి మగవాళ్లకు దూదిబేళ్లు విప్పే గదిలో, ఆవరణలో బరువు పని. నల్లజాతి ఆడవాళ్లకు మిల్లుకెళ్లే తెల్ల తల్లుల ఇళ్లలో వంట, పిల్లల పెంపకం. ఇది యజమాని ఒక్కడి పని కాదు. 1897లో అట్లాంటా ఫుల్టన్ బ్యాగ్ మిల్లులో ఇరవైమంది నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకుంటే తెల్లవాళ్లు సమ్మె చేసి వెళ్లగొట్టించారు. మిల్లు కార్మికుల ఓట్లతో 1910లో సౌత్ కెరొలైనా గవర్నరుగా ఎన్నికైన కోల్ బ్లీజ్ జాతి విద్వేషాన్నే రాజకీయంగా చేసుకున్నాడు. 1915లో అదే రాష్ట్రం ఒకే గదిలో తెల్లా నల్లా కలిసి మిల్లు పని చేయరాదని చట్టం చేసింది. నల్లజాతి వ్యాపారి వారెన్ కోల్‌మన్ కాంకర్డ్‌లో సొంతంగా కట్టిన మిల్లు కొన్నేళ్లకు మించి నిలవలేదు. కాబట్టి రెండో ఊరు నిర్దోషి అని నేననను. కానీ ఆ గోడ వల్ల తెల్ల కార్మికుడికి దక్కిందేమిటో కూడా లెక్క చూడాలి. నల్లవాడి కంటే తాను మెరుగన్న తృప్తి దక్కింది. న్యూ ఇంగ్లాండు కూలి దక్కలేదు. గోడకు అవతలి మనుషులను చూపించి ఇవతలి మనుషులను భయపెట్టడం యజమానికి తేలికైంది. ఎల్లా మే దీన్ని గ్రహించింది. నల్లవాళ్ల వాడలో కాపురముండి, వాళ్లను యూనియన్‌లో చేర్చుకోవాలని తన శాఖలో వాదించి ఒప్పించింది. 1964 పౌరహక్కుల చట్టం గోడను పడగొట్టాక, 1960లో నూటికి ఐదుగురు కూడా లేని నల్లజాతి కార్మికులు 1970ల చివరికి పాతికమంది దాకా అయ్యారు. 1974లో రొనోక్ రాపిడ్స్‌లో జె.పి. స్టీవెన్స్ మిల్లుల్లో యూనియన్ గెలవడానికి వాళ్ల ఓట్లు పెద్ద బలం. ఆ పోరాటం మీద 1979లో 'నార్మా రే' సినిమా వచ్చింది. 1980లో ఒప్పందం కుదిరింది. గోడ ఉన్న అరవై డెబ్బై ఏళ్లలో సాధ్యం కానిది, గోడ పడిన పదిహేనేళ్లలో సాధ్యమైంది.

గోడలు దాటిన ఇంకో సంఘం ఊపిరితిత్తుల జబ్బు వల్ల పుట్టింది. దూదిధూళి పీల్చి పీల్చి ఆయాసంతో కుంగదీసే బిసినోసిస్‌ను బ్రిటన్ 1940ల్లోనే పరిహారానికి తగిన జబ్బుగా గుర్తించింది. అమెరికా మిల్లు యజమానులు దశాబ్దాలపాటు అలాంటి జబ్బే లేదన్నారు. సిగరెట్టు మీదకు నెట్టారు. 1975లో రిటైరైన కార్మికులు, ఊపిరాడని ముసలివాళ్లు, కెరొలైనా బ్రౌన్ లంగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డారు. 1978లో ప్రభుత్వం ధూళి పరిమితి విధించింది. యజమానులు కోర్టుకెక్కితే 1981లో సుప్రీంకోర్టు కార్మికుల ఆరోగ్యం వైపే నిలిచింది. నియమం వచ్చాక మిల్లులు కొత్త యంత్రాలు కొన్నాయి, ఉత్పత్తి కూడా పెరిగింది. తండ్రిలాంటి కంపెనీ ఎనభై ఏళ్లలో చేయని పనిని ఆయాసపడే ముసలివాళ్లు ఆరేళ్లలో చేయించారు.

చివరి అభ్యంతరం మిల్లుల మూత గురించి. యూనియన్లు, నియమాలు, కూలి పెంపు కలిసి పరిశ్రమను ఇతర దేశాలకు తరిమాయని, పాత పద్ధతే ఉంటే మిల్లు నిలిచేదని అంటారు. ముందుగా గమనించాల్సింది, దక్షిణాది మిల్లులు పుట్టిందే న్యూ ఇంగ్లాండు కూలిని తగ్గించి కొట్టడం ద్వారా. అదే లెక్క తరవాత మెక్సికోకు, చైనాకు, భారతదేశానికి వెళ్లింది. 1994లో ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చైనా ప్రవేశం, 2004 చివర బట్టల కోటాల ముగింపు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. యూనియన్ ఉన్న మిల్లులూ పోయాయి, లేనివీ పోయాయి. వర్జీనియా డాన్‌విల్‌లోని డాన్ రివర్ కంపెనీని 2006లో కొన్నది మన గుజరాత్ హెవీ కెమికల్స్. అది కూడా నిలబెట్టలేకపోయింది. కన్నాపొలిస్ కథ ఇంకా స్పష్టం. 1982లో కేనన్ మిల్స్‌ను కొన్న డేవిడ్ మర్డాక్ కంపెనీ ఇళ్లు అమ్మేశాడు, పింఛను నిధిలో మిగులును బయటికి తీశాడు. పింఛన్లు అప్పగించిన బీమా కంపెనీ 1991లో దివాలా తీయడంతో రిటైరైనవారి పింఛన్లకు కోత పడింది. పాతికేళ్లలో పలుసార్లు ఓడిన యూనియన్ 1999లో కొద్ది ఓట్ల తేడాతో గెలిచింది. 2003 జులై 30న పిల్లోటెక్స్ పేరుతో ఉన్న ఆ కంపెనీ మూతపడి నార్త్ కెరొలైనాలోనే నాలుగు వేలకు పైగా ఉద్యోగాలు ఒక్కరోజున పోయాయి. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్ద తొలగింపు అంతకుముందు లేదు. చాలామందికి హైస్కూలు పట్టా కూడా లేదు. కంపెనీ కట్టిన ఊరు ఎంత గట్టిదో ఆ రోజు తేలింది. మూత తరవాత ఆహారం పంపిణీకి, శిక్షణ దరఖాస్తులకు, వైద్య సాయానికి ముందు నిలబడినవి చర్చిలు, యూనియన్ కార్యాలయం, ఇరుగుపొరుగు.

ఇప్పుడు కన్నాపొలిస్ మిల్లు స్థలంలో పరిశోధన కేంద్రం ఉంది. లోరే మిల్లును ఖరీదైన అపార్ట్‌మెంట్లుగా మార్చారు. షార్లట్‌లో హైలాండ్ పార్క్ మిల్లు చుట్టూ ఉన్న పాత కార్మిక వాడ కళాకారుల పేటగా పేరు తెచ్చుకుంది. షార్లట్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తాము నడిచే వీధుల కింద ఎవరి చెమట ఉందో తెలుసుకోవడం వారికి కష్టం కాదు. భవనాలను కాపాడటం మంచిదే. అయితే ఇటుకను కాపాడి, సమ్మెను మరచిపోతే, మొదటి ఊరికి గుడి కట్టి రెండో ఊరికి సమాధి కట్టినట్లవుతుంది. మిల్లు పల్లెల వారసత్వమంటే బాల కార్మిక నిషేధం, ధూళి పరిమితి, కలిసి పనిచేసే హక్కు, వందల గంటల మౌఖిక చరిత్ర. ఇవన్నీ కార్మికులు సంపాదించినవి.

ఈ సభలో ఉన్న ఆర్థికవేత్తలకు, అధికారులకు, యూనియన్ నాయకులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. మన రాష్ట్రాల్లో కూడా టెక్స్‌టైల్ పార్కులు, వాటి పక్కన కార్మిక నివాసాలు వస్తున్నాయి. పని చోటే బస ఇవ్వడం తప్పు కాదు. దూరం నుంచి వచ్చే ఆడపిల్లలకు అది అవసరం కూడా. కానీ ఆ బసను అంచనా వేసేటప్పుడు గదులెన్ని, మరుగుదొడ్లెన్ని అని మాత్రమే అడగకండి. ఉద్యోగం పోయిన రోజు నుంచి ఆ గదిలో ఎన్నాళ్లు ఉండనిస్తారో, జీతం గురించి నోరు విప్పిన మనిషి పేరు ఎవరి చేతికి వెళ్తుందో, కార్మిక చట్టాల తనిఖీ ఎవరి బాధ్యతో అడగండి. కంపెనీ ఇచ్చే సౌకర్యం, కంపెనీ తీసుకోలేని హక్కుగా మారినప్పుడే అది కార్మికుడి ఊరవుతుంది. అమెరికా దక్షిణాది ఈ పాఠాన్ని వందేళ్ల ఆకలితో, ఊపిరితో, నెత్తురుతో నేర్చుకుంది. మనం చదివి నేర్చుకుంటే చాలు.